పాత డెస్క్‌టాప్: బాగు చేయించాలా, మార్చాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ల గురించే ఉన్నాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపివేసింది. అప్పటినుంచి, బాగానే పనిచేస్తున్న యంత్రాన్ని కూడా పక్కన పెట్టాల్సిందేనా అన్న ఆందోళన చాలామందిలో కనిపిస్తోంది. నాలుగు ఉత్తరాలకు ఇక్కడ జవాబు ఇస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు తీసుకున్నాను, ఎందుకంటే అందులోని చిక్కే మిగిలిన చాలా ఉత్తరాల్లోనూ ఉంది.

ప్రశ్న: గవర్నర్‌పేటలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడు పుస్తకాలు కంపోజ్ చేస్తుంటాను. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను తెలుగు ఫాంట్లు వాడతాను. కంప్యూటర్ 2014లో కొన్నది. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10 ఉన్నాయి. ఉదయం ఆన్ చేస్తే పని మొదలుపెట్టడానికి పది నిమిషాలు పడుతోంది. ఎండలు ముదిరినప్పటి నుంచి మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి ఆగిపోతోంది. ఒక షాపులో మదర్‌బోర్డు పోయింది, కొత్త సిస్టమ్ తీసుకోండి అన్నారు. మరో షాపులో ఎస్ఎస్‌డీ, ర్యామ్ వేయిస్తే చాలన్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ యంత్రంలో ఉన్నవి రెండు వేర్వేరు లోపాలు. ఆలస్యంగా లేవడం ఒకటి, మధ్యాహ్నం ఆగిపోవడం మరొకటి. మీరు వెళ్లిన రెండు షాపుల వాళ్లూ చెరొక లోపాన్ని పట్టుకుని దానికి తగ్గ మాట చెప్పారు. ఈ రెండింటినీ విడదీసి చూడకుండా డబ్బు పెడితే, ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే, కదిలే భాగాలు లేని డిస్క్) వేయించిన తర్వాత కూడా మధ్యాహ్నం యంత్రం ఆగుతూనే ఉంటుంది.

అయితే ఈ రెండింటి జోలికీ పోకముందే చేయాల్సిన పని ఒకటుంది. మీ ఫైళ్లన్నిటినీ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. అను ఫాంట్లతో కూర్చిన పాత ఫైళ్లు యూనికోడ్‌లో, అంటే అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షర పద్ధతిలో, ఉండవు కాబట్టి, ఆ ఫాంట్లు లేని చోట వాటిలోని అక్షరాలు తెలుగుగా కనిపించవు. అందువల్ల పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు ఫాంట్లను, సాఫ్ట్‌వేర్ సీడీలను, వాటి సీరియల్ నంబర్లను కూడా భద్రపరచాలి. తిరిగి అచ్చుకు వచ్చే అవకాశమున్న పుస్తకాలను పీడీఎఫ్ చేసి ఉంచాలి. ఈ పని పూర్తయ్యేదాకా కంప్యూటర్‌ను ఏ షాపుకూ పంపవద్దని గట్టిగా కోరుతున్నాను. ఫార్మాట్ కొడితే సరిపోతుందన్న మాటకు తల ఊపి, ఏళ్ల తరబడి చేసిన పని పోగొట్టుకున్న వాళ్లు మన ఊళ్లో తక్కువేమీ కాదు.

ఇక మధ్యాహ్నం ఆగిపోవడం సంగతి. ఉదయమంతా కంపోజింగ్ చేసి, ఎండ ముదిరాక ఆగిపోయే యంత్రాన్ని చూసి బోర్డు పోయిందనడం తొందరపాటు. ప్రాసెసర్ వేడి హద్దుకు చేరితే మొదట తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి దిగకపోతే, కాలిపోకుండా ఉండటానికి యంత్రం ఆగిపోతుంది. మే నెలలో విజయవాడ ఉష్ణోగ్రత 45 డిగ్రీల దాకా వెళ్తుంది. రోడ్డు పక్క గదిలో, బల్ల కింద అరలో పెట్టిన క్యాబినెట్‌లోకి వెళ్లే గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది. కరెంటు తీగ పూర్తిగా తీసేసి, క్యాబినెట్ పక్క తలుపు విప్పి, ప్రాసెసర్ మీది ఫ్యాన్ రెక్కల సందుల్లోంచి చూడండి. ఫ్యాన్‌కూ దాని కింద వేడిని లాగే అల్యూమినియం దిమ్మె, అంటే హీట్‌సింక్‌కూ మధ్య దుమ్ము కంబళి ముక్కలా పేరుకుని ఉంటే, ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి కిందికి దిగదు. బ్లోయర్ పట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి ఉంచాలి, లేకపోతే గాలి వేగానికి విపరీతంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. తర్వాత హీట్‌సింక్ ఊడదీసి, ఎండిపోయి పొడిగా మారిన పాత థర్మల్ పేస్ట్‌ను (ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కు చేర్చే పూతను) తుడిచి, కొత్తది చిన్న బొట్టు వేస్తే చాలు. హీట్‌సింక్‌ను బోర్డుకు పట్టి ఉంచే ప్లాస్టిక్ పిన్నులు నాలుగుంటాయి. వాటిలో ఒక్కటి సరిగా దిగకపోయినా ఒక మూల పైకి లేచి, శ్రమంతా వృథా అవుతుంది. నాలుగూ టక్కుమని దిగాయో లేదో, వీలైతే బోర్డు వెనక వైపు నుంచి కూడా చూడమని మెకానిక్‌ను అడగండి.

శుభ్రం చేయించాక కూడా ఆగిపోతే, అనుమానించాల్సింది ఎస్ఎంపీఎస్‌ను, అంటే క్యాబినెట్‌లో అన్ని భాగాలకూ కరెంటు అందించే పెట్టెను. వేడి వల్ల ఆగిన యంత్రం కాసేపు చల్లారనిస్తే మళ్లీ మామూలుగా పనిచేస్తుంది. ఎస్ఎంపీఎస్ బలహీనపడితే బటన్ నొక్కగానే ఫ్యాన్ ఒకసారి కదిలి నిలిచిపోవడం, ఉన్నట్టుండి రీస్టార్ట్ కావడం వంటివి కనిపిస్తాయి. ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే 12 ఓల్టుల లైను, యంత్రం పనిలో ఉన్నప్పుడు 11.4కూ 12.6కూ మధ్య ఉండాలి. ఈ కొలతకన్నా సులువైన పరీక్ష, బాగున్న ఎస్ఎంపీఎస్ ఒకటి షాపులో అడిగి రెండు రోజులు పెట్టి చూడటం. పాత దాన్ని మాత్రం ఇంట్లో విప్పవద్దు. ప్లగ్గు తీసేసినా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఓల్టేజీ మిగిలి ఉండవచ్చు. కరెంటు పోయిన క్షణంలోనే యంత్రం ఆగుతుంటే తప్పు కంప్యూటర్‌ది కాదు, యూపీఎస్ బ్యాటరీది. ఈ బ్యాటరీలు మామూలుగా రెండు మూడేళ్లకు మించి రావు, మన ఎండల్లో ఇంకా తొందరగా పోతాయి. ఇవన్నీ చూశాక, ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల తలలు ఉబ్బి గానీ కారి గానీ కనిపిస్తే, అప్పుడు బోర్డు పోయిందన్న మాటను ఒప్పుకోవచ్చు.

ఆలస్యంగా లేవడానికి కారణం దాదాపు కచ్చితంగా హార్డ్ డిస్కే. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్ ఒక చుట్టు తిరగడానికి ఎనిమిది మిల్లీసెకన్లకు పైగా తీసుకుంటుంది. దానికి తోడు చదివే ముల్లు ఒక చోటి నుంచి మరో చోటికి జరగాలి. అందువల్ల చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను అది సెకనుకు వంద చొప్పున చదవడమే గగనం. విండోస్ లేచేటప్పుడు తెరిచేవి అలాంటి ఫైళ్లే, వేల సంఖ్యలో. కదిలే భాగాలే లేని ఎస్ఎస్‌డీ అదే పనిని సెకనుకు పదివేల సార్లకు మించి చేస్తుంది. టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా డిస్క్ వంద శాతం దగ్గరే నిలిచి ఉంటే అనుమానం అక్కర్లేదు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో డిస్క్ ఆరోగ్యం పసుపు రంగులో కనిపిస్తే, డిస్క్‌లో కొన్ని భాగాలు పాడైనట్టు. అలాంటప్పుడు ఒక్క రోజు కూడా ఆలస్యం చేయవద్దు.

ఎస్ఎస్‌డీ కొనేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోండి. మీ బోర్డుకు సాటా రకం, అంటే రెండున్నర అంగుళాల ఎస్ఎస్‌డీ కావాలి. చవకగా వస్తోంది కదా అని సన్నటి పట్టీలా ఉండే ఎన్‌వీఎంఈ రకం కొంటే ఉపయోగం ఉండదు. హెచ్81 చిప్‌సెట్‌లో పూర్తి వేగం ఇచ్చే సాటా పోర్టులు రెండే ఉంటాయి, మిగిలిన రెండిటి వేగం సగం. కొత్త డిస్క్‌ను సరైన పోర్టుకే తగిలించమని చెప్పండి. డిస్క్ ఇంకా బాగుంటే, ఉన్నదున్నట్టు క్లోన్ చేయిస్తే పేజ్‌మేకర్, అను మళ్లీ ఇన్‌స్టాల్ చేసే బాధ తప్పుతుంది. తర్వాత కూడా పాత డిస్క్‌ను కొన్ని వారాలు తుడిచివేయకుండా దాచి ఉంచండి. ర్యామ్ విషయానికొస్తే, మరో 4 జీబీ డీడీఆర్3 వాడినది దొరికితే వేయించండి, చాలు. మీ విండోస్ 32 బిట్‌దైతే మాత్రం ఎంత ర్యామ్ వేసినా 4 జీబీకి లోపే వాడుకుంటుంది కాబట్టి ముందు అది చూసుకోండి.

ఇక్కడ నేను ఎప్పుడూ పాటించే లెక్క ఒకటి చెబుతాను. పాత యంత్రం మీద పెట్టే ప్రతి రూపాయికీ, ఆ భాగం రేపు కొత్త యంత్రంలోకి వస్తుందా రాదా అని చూస్తాను. సాటా ఎస్ఎస్‌డీ వస్తుంది. మంచి ఎస్ఎంపీఎస్ వస్తుంది. యూపీఎస్, మానిటర్ వస్తాయి. డీడీఆర్3 ర్యామ్ రాదు, దాని గాడి కొత్త బోర్డుల్లో పట్టదు. నాలుగో తరం ప్రాసెసర్ రాదు. కాబట్టి మొదటి వాటిలో నాణ్యమైనవే కొనండి, రెండో వాటిపై వీలైనంత తక్కువ ఖర్చు పెట్టండి. ఐ3 తీసేసి అదే తరం ఐ7 వేయించుకోమని ఎవరైనా సలహా ఇస్తే మర్యాదగా వద్దనండి. నిజంగానే బోర్డు పోయిన రోజున, వాడిన హెచ్81 బోర్డు వెతుక్కుని వేయించడం కన్నా కొత్త సిస్టమ్‌కు మారడమే నయం.

విండోస్ 11 ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అధికారికంగా పనిచేస్తుంది కాబట్టి మీది ఆ జాబితాలో లేదు. అడ్డదారిలో ఎక్కించే పద్ధతులు ఉన్నాయి గానీ, వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. బతుకుతెరువైన యంత్రం మీద ఆ ప్రయోగం వద్దు. విండోస్ 10కు నమోదు చేసుకున్న గృహ వినియోగదారులకు అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు మాత్రమే. నా అభిప్రాయంలో మీకు సరిపడే మార్గం, ఈ యంత్రాన్ని ఇంటర్నెట్ నుంచి తప్పించి కేవలం కంపోజింగ్‌కు ఉంచుకోవడం. మెయిల్, వాట్సాప్ ద్వారా వచ్చే మేటర్‌ను మరో యంత్రంలో దించుకుని, వైరస్ పరీక్ష చేసిన పెన్‌డ్రైవ్‌లోనే ఇటు తెచ్చుకోండి. కొత్తది కొన్నప్పుడు పాతదాన్ని వెంటనే ఇచ్చేయవద్దు. పేజ్‌మేకర్ 2001 నాటి వెర్షన్‌తోనే ఆగిపోయిన సాఫ్ట్‌వేర్. కొత్త విండోస్‌లో అది, అను ఫాంట్లు మీ చేతి మీదుగా ఎక్కించి, ఒత్తులు ఎక్కువగా ఉన్న పాత పుస్తకం ఒకటి తెరిచి, రెండు పేజీలు ప్రింట్ తీసి, వరుసలు విరిగే చోట్లను పాత ప్రతితో సరిచూసుకున్నాకే పాత యంత్రానికి సెలవివ్వండి.

ప్రశ్న: మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ఇంట్లోకి వచ్చినప్పుడు కంప్యూటర్ క్యాబినెట్ రెండు రోజులు నీళ్లలో ఉంది. మానిటర్ బల్ల మీద ఉండటంతో తడవలేదు. క్యాబినెట్‌ను ఎండబెట్టి అటక మీద పెట్టాం, ఇంతవరకు ఆన్ చేయలేదు. అందులో మా నాన్నగారి ఫొటోలున్నాయి. దీన్ని బాగు చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆన్ చేయకపోవడం వల్ల మీరు ఆ ఫొటోలకు ఉన్న అవకాశాన్ని కాపాడుకున్నారు. ఇకముందు కూడా ఎవరు చెప్పినా ఆన్ చేయవద్దు. మామూలు హార్డ్ డిస్క్‌కు గాలి ఒత్తిడిని సరిచేసుకునే చిన్న రంధ్రం ఉంటుంది. మునిగినప్పుడు దానిలోంచి నీరు లోపలికి చేరే అవకాశం ఉంది. నీరు ఆరినా అది వదిలిన మట్టి, లోపల డేటా ఉండే పలక మీద మిగులుతుంది. చదివే ముల్లు ఆ పలకకు తగలకుండా, వెంట్రుక మందంలో ఎన్నో వంతు ఎత్తులో తిరుగుతుంది. ఆ స్థితిలో డిస్క్‌ను ఒక్కసారి తిప్పినా మట్టి రేణువు గీరుకుపోయి, ఫొటోలున్న పొరే చెడిపోవచ్చు. కాబట్టి డిస్క్‌ను క్యాబినెట్ నుంచి విప్పి, మూత తెరవకుండా, డేటా రికవరీ మాత్రమే చేసే ల్యాబ్‌కు ఇవ్వండి. వరదలో మునిగిందనీ, తర్వాత కరెంటు ఇవ్వలేదనీ కాగితం మీద రాసి జతచేయండి. ముందు అంచనా చెప్పించుకుని, డేటా రాకపోతే ఎంత తీసుకుంటారో అడిగాకే ఒప్పుకోండి. ఖర్చు గణనీయంగానే ఉంటుంది. నాన్నగారి ఫొటోలు వాట్సాప్‌లోనో బంధువుల ఫోన్లలోనో ఏవైనా ఉన్నాయేమో ముందుగా అడిగి చూడండి.

మిగిలిన యంత్రం గురించి నా సలహా వేరు. వరద నీటిలో మునిగిన ఎస్ఎంపీఎస్‌ను మళ్లీ వాడకూడదు, అది మనుషులకే ప్రమాదం. మదర్‌బోర్డు కడిగి ఆరబెడితే కొన్నిసార్లు లేస్తుంది గానీ, చిప్‌ల కింద మిగిలిన తేమ, మట్టి మెల్లగా తుప్పు పట్టిస్తాయి. ఆరు నెలలకో ఏడాదికో ఆగే యంత్రం మీద డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేదు. మానిటర్ ఉంచుకుని కొత్త సిస్టమ్ తీసుకోండి. పాత క్యాబినెట్‌ను తూకానికి వేయకుండా అధీకృత ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి అప్పగించండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల కింద వాటి రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులది.

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో మాకు కమీషన్ కొట్టు ఉంది. బిల్లుల కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది, రెండు చోట్ల చూపించి నిర్ధారించుకున్నాం. పట్టీలు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ బాగానే ఉంది కానీ, కొత్త కంప్యూటర్లకు దాని వెడల్పాటి పోర్టు ఉండదంటున్నారు. ప్రింటర్ కూడా మార్చాలా?
– ఒక వ్యాపారి, గుంటూరు

జవాబు: ప్రింటర్ మార్చవద్దు. కార్బన్ ప్రతులు ఒకేసారి కావాలంటే కాగితం మీద సూదులు గుద్దే ప్రింటరే ఉండాలి, లేజర్‌కు గానీ ఇంక్‌జెట్‌కు గానీ అది చేతకాదు. కొత్త బోర్డులో ఆ పారలల్ పోర్టు లేకపోయినా, స్లాట్‌లో పెట్టే పారలల్ కార్డు దొరుకుతుంది. యూఎస్‌బీకి మార్చే కేబుల్ కూడా ఉంది గానీ, పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు దాన్ని ఎల్‌పీటీ పోర్టుగా, అంటే పారలల్ పోర్టుగా గుర్తించవు కాబట్టి కార్డే మేలు.

మీరు ముందు తేల్చుకోవాల్సింది సాఫ్ట్‌వేర్ సంగతి. అది విండోస్‌లో నడిచే ట్యాలీ వంటిదైతే కొత్త సిస్టమ్‌కు నిశ్చింతగా మారండి. డాస్ కాలం నాటి నల్ల తెర ప్రోగ్రామ్ అయితే, విండోస్ 11 కేవలం 64 బిట్‌లోనే వస్తుంది, అందులో డాస్ ప్రోగ్రామ్‌లు నేరుగా నడవవు. సీజన్ మధ్యలో ఉంటే, మొదటి జవాబులో నేను వద్దన్న పనే మీకు చేయమంటాను. అదే రకం వాడిన బోర్డు ఒకటి వేయించి సీజన్ గట్టెక్కండి, యార్డు సెలవుల్లో తీరిగ్గా సాఫ్ట్‌వేర్‌తో సహా మార్చండి. యార్డు గాలిలోని మిర్చి పొడి ఫ్యాన్లలో విపరీతంగా చేరుతుంది. సీజన్‌లో నెలకొకసారైనా క్యాబినెట్‌ను ఆరుబయటికి తీసుకెళ్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని బ్లోయర్ పట్టించండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటి నుంచే ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్తున్నాడు, సీఎస్ఈ మొదటి సంవత్సరం. ఇంట్లో కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్ ఉన్న డెస్క్‌టాప్ ఉంది. గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్ వేయిస్తే నాలుగేళ్లు వస్తుందా?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రాదమ్మా. ఆ యంత్రం మీద ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు. ఆ ప్రాసెసర్‌లో కొన్ని ఆదేశాలు లేకపోవడం వల్ల, అడ్డదారిలో ఎక్కించినా విండోస్ 11 24హెచ్2 వెర్షన్ అసలు లేవనే లేవదు. మొదటి ఏడాది ప్రోగ్రామింగ్‌కు గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. పాతదానిలో తేలికపాటి లైనక్స్ ఎక్కిస్తే సీ భాష అభ్యాసానికి కొన్నాళ్లు వాడుకోవచ్చు.

బడ్జెట్ తక్కువైతే కంపెనీల నుంచి వచ్చిన రిఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మే) డెస్క్‌టాప్ మంచి ఎంపిక. కానీ ఐ5, ఐ7 అన్న పేరు చూసి కొనవద్దు. ఆ పేరు తర్వాత వచ్చే అంకె ముఖ్యం. ఐ5-8500లో 8 అంటే ఎనిమిదో తరం, 2017 చివరి నుంచి వచ్చినవి. ఐ7-2600 పేరుకు ఐ7 అయినా 2011 నాటిది, విండోస్ 11 జాబితాలో ఉండదు. ఎనిమిదో తరం లేదా ఆ పైది, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉండేలా చూడండి. కొన్ని పెద్ద బ్రాండ్ల ఆఫీసు యంత్రాల్లో ఎస్ఎంపీఎస్ కనెక్టర్లు ప్రత్యేకంగా ఉంటాయి, పోతే బజార్లో దొరికేది పట్టదు. అదే మోడల్ ఎస్ఎంపీఎస్ తాము ఇవ్వగలరా అని షాపులో అడగండి. కొనే ముందు అక్కడే ఆన్ చేయించి, ఎస్ఎస్‌డీ ఇప్పటికి ఎన్ని గంటలు పనిచేసిందో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో మీ అబ్బాయినే చూడమనండి. మీ పాత మానిటర్‌కు వీజీఏ పోర్టు మాత్రమే ఉంటే, కొత్త యంత్రానికి అది ఉందో లేదో చూసుకోండి, లేకపోతే కన్వర్టర్ విడిగా కొనాల్సి వస్తుంది. ప్రాసెసర్ నంబరు, వారంటీ కాలం రెండూ బిల్లు మీద రాయించుకోండి.